పోయిన ఇరవై ఏడు డిజైన్లు

నాగదుర్గకి మగ్గం అంటే పడదని కొత్తపల్లిలో అందరికీ తెలుసు. నేతవాళ్ళింట పుట్టి, ఏడేళ్ళకే తండ్రి పక్కన మగ్గం గుంటలో కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్న పిల్ల గురించి ఆ మాటంటే కొత్తవాళ్ళకి వింతగా ఉంటుంది. కానీ జాందానీ నేత అలాంటిది. ఒక్కో మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. కుడివైపు సగం ఒకరిది, ఎడమవైపు సగం ఒకరిది. వెంట్రుకల్లాంటి పోగుల్ని వేళ్ళతో లెక్కపెట్టుకుంటూ ఒక్కొక్క పువ్వునీ ఒక్కొక్క ఆకునీ విడివిడిగా జరీతో పొదగాలి. రోజంతా వంచిన నడుం ఎత్తకుండా నేస్తే పైటచెంగు జానెడు సాగుతుంది. పదో తరగతికి వచ్చేసరికి నాగదుర్గకి అద్దాలు పడ్డాయి, ఇంటరుకి అవి ఇంకా మందమయ్యాయి. "దీని చూపు మగ్గానికి సరిపోదు" అని తండ్రే ఆమెని గుంటలోంచి లేపేశాడు. ఆ రోజు ఆమె సంతోషంతో ఇల్లంతా తిరిగిందట.

తర్వాత కాకినాడలో కంప్యూటరు కోర్సు చేసింది. రొయ్యల లారీ తోలే దొరబాబుతో పెళ్ళయింది, శృతి పుట్టింది. రెండువేల ఒకటిలో పిఠాపురంలోని చేనేత డిజైన్ సెంటర్లో ఉద్యోగం దొరికింది. తీరా చేరి చూస్తే అక్కడా పని పోగులు లెక్కపెట్టడమే. కాకపోతే తెర మీద. పోగుకో గడి చొప్పున గళ్ళ కాగితంలా కనిపించే ఆ తెర మీద ఆమె గళ్ళు నింపితే పువ్వులూ హంసలూ తయారయ్యేవి. వాటిని పెద్ద కాగితాల మీద అచ్చు తీసి నేతగాళ్ళకి పంపేవారు.

ఆ డిజైన్లు పుట్టేది భాస్కరం మాస్టారి బుర్రలో. ముప్పై ఏళ్ళు పెన్సిలుతో గీసిన మనిషి. అరవై దాటాక చెయ్యి వణకడం మొదలైంది. కాఫీ గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకోవాల్సి వచ్చేది. అందుకని ఆయన నాగదుర్గ పక్కన కుర్చీ వేసుకుని నోటితో చెప్పేవారు. "కొమ్మని అక్కడ ఆపెయ్యమ్మా. ఆపి, రెండు గళ్ళు కిందికి వంచు. ఆఁ, బరువు తెలియాలి." ఆమె వంచేది. ఆయన తల ఆడించేవారు. ఇక కాగితం మీద గీసే పనే లేకుండా పోయింది.

డిజైన్లన్నీ లోపలి గదిలోని సర్వర్లో ఉండేవి. అందులో రెండు వాల్యూములు, అంటే రెండు పెద్ద అరలు. ఒకదాని పేరు 'పాతవి', ఇంకోదాని పేరు 'కొత్తవి'. నాలుగు కంప్యూటర్లలో ఎక్కడ కూర్చున్నా నెట్‌వర్క్ తీగ మీదుగా ఆ అరలు తెరిచి పనిచేయాల్సిందే. ఎవరి కంప్యూటర్లో వాళ్ళు ఫైళ్ళు దాచుకోకూడదు. మేనేజరు ఉదయభాస్కర్ గారు చేనేత శాఖలో రిటైరై వచ్చిన మనిషి, ఆ విషయంలో గట్టివారు. "ఒక డిజైను రెండు చోట్ల ఉంటే ఏది అసలో మగ్గం మీదికి వెళ్ళేదాకా తెలియదు" అనేవారు.

అంత సరుకూ ఒక్క చోటే ఉంటుంది కాబట్టి రోజూ దానికి నకలు తీయాలి. కిటికీ పక్కన ఐదో కంప్యూటరుకి ఒక బయటి డిస్కు తగిలించి ఉండేది. సాయంత్రం అందరూ పని ఆపాక నాగదుర్గ దాని ముందు కూర్చుని రెండు అరలూ తెరిచి ఆ రోజు మారినవన్నీ ఆ డిస్కులోకి ఎక్కించేది. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికి వచ్చేది. ఒక్కోసారి ఏదో ఫైలు మొరాయించేది. అన్నీ అయ్యేసరికి ఏడున్నర. ఆరూ ముప్పావు బస్సు ఎప్పుడో వెళ్ళిపోయేది. షేరు ఆటో నిండేదాకా కూర్చుని కొత్తపల్లి చేరేసరికి శృతి పక్కింటి నాగేశ్వరి దగ్గర అన్నం తినేసి, ఆవిడ చాప మీదే నిద్రపోయి ఉండేది. పిల్లని భుజాన వేసుకుని రావడం, పొద్దున్నే లేపి జడ వేయడం, అంతే. దొరబాబు వారానికి రెండు రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ.

ఒకరోజు శృతి రెండో తరగతి టీచరు రాసిన చీటీ నాగదుర్గ చేతికి వచ్చింది. 'మీ అమ్మాయి అమ్మ గురించి నాలుగు వాక్యాలు రాయమంటే నాగేశ్వరి గారి గురించి రాసింది.' ఆ చీటీ పట్టుకుని మర్నాడు ఆమె నేరుగా మేనేజరు గదిలోకి వెళ్ళింది. చీటీ బల్ల మీద పెట్టింది. ఉదయభాస్కర్ గారు చదివి, ఫోను అందుకుని కాకినాడలో నెట్‌వర్క్ పనులు చూసే గణేష్‌బాబుని పిలిపించారు.

రెండువేల మూడు నవంబరులో గణేష్‌బాబు ఒక పూట కూర్చుని ఏర్పాటు చేశాడు. రోజూ ఐదూ ముప్పావుకి కిటికీ పక్క కంప్యూటరే లేస్తుంది. తన దగ్గరున్న పేరూ పాస్‌వర్డూ చెప్పి సర్వర్లోని రెండు అరలూ తానే తెరుస్తుంది, మారినవి తెచ్చుకుంటుంది, ఏం చేసిందో లాగ్ అనే ఫైల్లో వరసగా రాసుకుని ఆగిపోతుంది.

"ఎవరూ కూర్చోనక్కర్లేదాండీ?" అంది నాగదుర్గ, నమ్మకం లేక.

"ఎవరూ అక్కర్లేదండీ. మీరు హాయిగా వెళ్ళిపోండి. పొద్దున్నే వచ్చి లాగ్ ఒక్కటి చదువుకోండి."

"రోజూ చదవాలి" అన్నారు వెనకనుంచి ఉదయభాస్కర్ గారు. "మనిషి లేని చోట ఏం జరిగిందో ఆ కాగితమే చెప్పాలి."

ఆ సాయంత్రం నాగదుర్గ వెలుతురుండగా బస్సు దిగింది. శృతి అరుగు మీద కూర్చుని ఎక్కాలు చదువుతోంది. తల్లిని చూసి, "ఏంటమ్మా, వంట్లో బాలేదా?" అని అడిగింది. ఆ మాటకి నాగదుర్గ నవ్విందో ఏడ్చిందో ఆమెకే సరిగ్గా గుర్తులేదు. ఆ తర్వాత రోజూ ఇద్దరూ కలిసి కూర తరిగారు, ఎక్కాలు అప్పజెప్పుకున్నారు. మూడో ఎక్కం దగ్గర శృతి ఎప్పుడూ ఇరవై నాలుగు మింగేస్తుందని తల్లికి అప్పుడు తెలిసింది.

మొదటి రెండు నెలలూ నాగదుర్గ పొద్దున్నే లాగ్ తెరిచి ప్రతి వరసా చదివేది. రోజూ ఒకటే మాట. పాతవి తెరిచాను, ఇన్ని తెచ్చాను. కొత్తవి తెరిచాను, ఇన్ని తెచ్చాను. పని పూర్తయింది. చదివి చదివి విసుగొచ్చింది. కంప్యూటరు ముందుకు రాగానే తెర మధ్యన ఒక చిన్న పెట్టెలో 'పూర్తయింది' అని కనిపించేది. దాన్ని నొక్కేసి తన బల్ల దగ్గరికి వెళ్ళిపోవడం అలవాటైంది.

ఫిబ్రవరిలో సర్వర్లోకి ఏదో వైరస్ వచ్చింది. గణేష్‌బాబు వచ్చి శుభ్రం చేసి, జాగ్రత్త కోసం 'కొత్తవి' అరకి పాస్‌వర్డ్ మార్చాడు. నాలుగు కంప్యూటర్ల దగ్గరికీ వెళ్ళి నలుగురికీ కొత్తది చెప్పాడు. కిటికీ పక్క కంప్యూటరు ముందు ఎవరూ కూర్చోరు కాబట్టి దాని సంగతి ఎవరికీ తట్టలేదు. ఆ సాయంత్రం అది మామూలుగానే లేచింది. 'పాతవి' తెరుచుకుంది. 'కొత్తవి' తెరుచుకోలేదు. ఆ సంగతి లాగ్‌లో ఒక వరసలో రాసి, దాన్ని వదిలేసి, పని పూర్తయిందని చెప్పి ఆగిపోయింది. అప్పట్నుంచి మూడు నెలలు ప్రతి సాయంత్రమూ అదే.

మే నెల మొదటి వారంలో ఒక మధ్యాహ్నం, భోజనాల వేళ, పోయిన కరెంటు ఒక్కసారిగా హై వోల్టేజితో వచ్చింది. రెండు ట్యూబులైట్లు పేలాయి. లోపలి గదిలోంచి కాలిన వాసన. గణేష్‌బాబు సాయంత్రానికి వచ్చి సర్వరు విప్పి చూసి, పెదవి విరిచాడు. లోపలి డిస్కు పూర్తిగా పోయింది.

"నకలు ఉంది కదండీ" అంది నాగదుర్గ. ధైర్యంగానే అంది.

ఇద్దరూ కిటికీ పక్క కంప్యూటరు తెరిచారు. 'పాతవి' అంతా ఉంది. 'కొత్తవి'లో ఫిబ్రవరి రెండో తారీఖు తర్వాత ఒక్కటీ లేదు. గణేష్‌బాబు లాగ్ తెరిచాడు. పైనుంచి కిందికి, రోజుకొకటి చొప్పున ఆ ఒక్క వరస. నాగదుర్గ కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకుని చూసింది. మొదటి వరసలు చదివింది. ఆ తర్వాత చదవలేకపోయింది. ఆ మూడు నెలల్లో మాస్టారు చెబితే తను నింపిన డిజైన్లు ఇరవై ఏడు.

గణేష్‌బాబు గొంతు తగ్గించాడు. "నాగదుర్గ గారూ, ఏమనుకోకపోతే ఒక మాట. ఈ బయటి డిస్కు కూడా హై వోల్టేజికే పోయిందని చెప్పేద్దామండి. కరెంటోళ్ళ మీదకి పోతుంది. మీకూ నాకూ మాట రాదు. విప్పి చూసేవాళ్ళెవరండీ ఇక్కడ?"

ఆమె లాగ్ మూసేసింది. పాస్‌వర్డ్ మార్చింది ఇతను, చదవంది తను. ఇద్దరికీ పిల్లలున్నారు. ఆ అబద్ధం నిలబడుతుంది కూడా, అందులో సందేహం లేదు. కానీ పక్క గదిలో భాస్కరం మాస్టారు దగ్గుతున్నారు. ఆయనకి ఏమని చెప్పాలి? అన్నీ కాలిపోయాయంటే ఆయన నమ్మేస్తారు. నమ్మి, మళ్ళీ చెప్పడం మొదలుపెడతారు, వణుకుతున్న చేత్తో గాలిలో గీతలు గీస్తూ.

"వద్దండీ. ఒకటి దాచానంటే రేపు ఇంకేం దాచానో నాకే గుర్తుండదు" అని లేచింది.

ఆమె చెప్పిందంతా ఉదయభాస్కర్ గారు విన్నారు.

"లాగ్ రోజూ చదవమన్నానా?"

"అన్నారండి."

"చదివావా?"

"రెండు నెలలు చదివానండి. తర్వాత రోజూ ఒకటే మాట కదా అని మానేశాను. పూర్తయింది అంటే నమ్మేశాను సార్."

గుమ్మంలో నిలబడ్డ గణేష్‌బాబు ఒక అడుగు ముందుకు వేశాడు. "పాస్‌వర్డ్ మార్చింది నేనండి. ఆ కంప్యూటర్లో కూడా మార్చాల్సింది. మర్చిపోయాను."

ఆయన ఇద్దర్నీ చూశారు. "బాగుంది" అన్నారు, ఏమీ బాగాలేనట్టు. "ఫిబ్రవరి నుంచి నేను మటుకు ఒక్కసారైనా అడిగానా, చదువుతున్నావా అని?" బల్ల మీది పెన్ను అందుకుని, "ప్రింట్లు ఎవరెవరికి వెళ్ళాయో రిజిస్టరు ఉంది కదూ?" అని అడిగారు.

ఉంది. డిజైను అచ్చు తీసుకెళ్ళిన ప్రతి నేతగాడూ సంతకమో వేలిముద్రో పెట్టిన రిజిస్టరు. మర్నాటి నుంచి మధ్యాహ్నాలు ఆ అచ్చుల్ని వెతికి తేవడమే నాగదుర్గ పని. రిజిస్టరు సంచిలో వేసుకుని ఉప్పాడ, మూలపేట, అమీనాబాద, ఇంటింటికీ వెళ్ళింది. మే ఎండ. ఇసుక చెప్పుల్లోంచి కాలేది.

అచ్చు కాగితాలు మగ్గం ఇంట్లో ఎంతకాలం బతుకుతాయో అప్పుడు తెలిసింది ఆమెకి. నేసినంతసేపే వాటికి విలువ. ఒక చోట గంజిలో తడిసి అట్టకట్టిన కాగితం దొరికింది. మూలపేటలో ఒక పిల్లాడి లెక్కల పుస్తకానికి హంసల డిజైను అట్టగా ఉంది. అట్ట విప్పి ఇమ్మంటే వాడు ఏడ్చాడు, కొత్త అట్ట వేసి ఇచ్చింది. ఇంకో ఇంట్లో కాగితం లేదు గానీ చీర మగ్గం మీద సగంలో ఉంది. నాగదుర్గ భూతద్దం తీసుకుని, పన్నెండేళ్ళ తర్వాత మగ్గం గుంటలోకి కాళ్ళు దించి, పోగులు లెక్కపెట్టి గళ్ళ కాగితం మీద దింపుకుంది. నడుం పట్టేసింది. కళ్ళు నీళ్ళు కారాయి. తండ్రి ఎందుకు లేపేశాడో మళ్ళీ గుర్తొచ్చింది.

చిరిగిన చోట్ల ఏముండేదో భాస్కరం మాస్టారు చెప్పేవారు. తప్పు ఎవరిదని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. మొదటి రోజే నాగదుర్గ చెప్పేస్తే, "మూడు నెలలు నన్ను పొద్దున్న టిఫిను తిన్నారా అని అడిగినదానివి, ఆ డబ్బాని అడగలేకపోయావా అమ్మా" అని మాత్రం అన్నారు. ఆయన తిట్టినా ఆమెకి అంత నొప్పి పుట్టేది కాదు.

అమీనాబాదలో చిట్టియ్య ఇంటికి వెళ్ళేసరికి మూడున్నరయింది. చిట్టియ్య, అతని భార్య సూరమ్మ, ఇద్దరూ మగ్గం మీదే ఉన్నారు. వాళ్ళు తీసుకెళ్ళింది చిలక డిజైను. పైటచెంగు నిండా మామిడి కొమ్మ, ఎడమ చివర ఆకుల్లో ఒక చిలక.

"ఆ కాయితమా? చీర అయిపోయాక పొయ్యిలో పెట్టేశానమ్మా" అంది సూరమ్మ.

"చీర?"

"అది ఏప్రిల్‌లోనే ఎల్లిపోయింది కదమ్మా" అన్నాడు చిట్టియ్య.

నాగదుర్గ అరుగు మీద కూలబడింది. సూరమ్మ మంచినీళ్ళు తెచ్చిచ్చింది. చిట్టియ్య ఆమె మొహం చూసి, నేయడం ఆపాడు.

"దానికంత దిగులెందుకమ్మా? కాయితం పోతే పోయింది. ఐదు వారాలు నేశాం కదా దాన్ని. రాసుకో."

"ఏం రాసుకోను బాబాయ్?"

"లెక్క." కళ్ళు మూసుకున్నాడు. కుడిచేతి వేళ్ళు లేని పోగుల మీద కదలడం మొదలుపెట్టాయి. "కుడి అంచు కాడ నుంచి పద్నాలుగు వదిలెయ్యి. మూడు ఎత్తు. రెండు వదులు. మూడు ఎత్తు. అది కొమ్మ మొదలు. పై వరసలో పదమూడు వదిలి, నాలుగు..."

నాగదుర్గ గబగబా గళ్ళ కాగితం పరిచి రాసుకోసాగింది. చిట్టియ్య చెబుతూనే ఉన్నాడు. ఎక్కడైనా తడబడితే చేతిని మళ్ళీ వెనక్కి తెచ్చి, నాలుగు వరసలు కింద నుంచి అందుకునేవాడు. గంటన్నరకి కొమ్మా, ఆకులూ, రెండు కాయలూ కాగితం మీదికి దిగాయి. చీర మధ్యకి రాగానే ఆగిపోయాడు.

"అక్కడితో నాది సరి. ఆపైన మీ పిన్నిది."

"చిలక నీకు తెలీదా బాబాయ్?"

"నా చెయ్యి అటేపు పోలేదు కదమ్మా" అన్నాడు, అదేం ప్రశ్న అన్నట్టు.

సూరమ్మ అప్పుడే కూర పొయ్యి మీద పడేసి వచ్చి కూర్చుంది. ఆవిడ కళ్ళు మూసుకోలేదు. భర్త కంటే వేగంగా, పాడినట్టు చెప్పుకుపోయింది. తోక, రెక్క, మెడ. ముక్కు దగ్గరికి వచ్చాక ఒక్క క్షణం ఆగి, నాగదుర్గ వైపు దొంగచూపు చూసి, తర్వాతి లెక్క చెప్పింది. అప్పుడా సంగతి నాగదుర్గకి పట్టలేదు. కూర అడుగంటిన వాసన వచ్చేదాకా ముగ్గురూ లేవలేదు.

మర్నాడు ఆ కాగితం చూసి కంప్యూటర్లో ఎక్కించి, అచ్చు తీసి మాస్టారి ముందు పెట్టింది. ఆయన కొమ్మ నుంచి చిలక దాకా చూశారు. కాగితం దగ్గరికి జరుపుకున్నారు.

"కొమ్మ నాదే. రెక్క నాదే. ఈ ముక్కు నాది కాదు."

"లెక్క తప్పు రాసుకున్నానేమోనండి" అంది నాగదుర్గ.

"తప్పు కాదు. నేను చిలకని కిందికి చూస్తున్నట్టు చెప్పాను, నువ్వలాగే వేశావు. ఇది పైకి చూస్తోంది. ఎవరు మార్చారో కనుక్కో."

ఆ సాయంత్రం బస్సు అమీనాబాద దారిలో దిగి నాగదుర్గ అడిగితే, సూరమ్మ ముందు ఒప్పుకోలేదు. తర్వాత పమిట నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. "కిందికి చూస్తా ఉంటే ఏడుస్తున్నట్టు అనిపించిందమ్మా. పైటచెంగు మీద ఏడ్చే చిలకేంటి, కట్టుకునే పిల్లకి? రెండు గళ్ళు పైకెత్తాను. మాస్టారికి చెప్పకే తల్లీ."

"చీర నేశాక కూడా నాకు చెప్పలేదే!" అన్నాడు చిట్టియ్య మగ్గం మీంచి.

"నువ్వెప్పుడు చూశావు నా పక్క?" అంది సూరమ్మ.

నాగదుర్గ మాస్టారికి చెప్పేసింది. ఆయన నవ్వారు. చాలా రోజుల తర్వాత నవ్వడం. "అదే ఉంచు. పాతది పోవడమే మేలయింది. ఫైలు పేరులో ఆవిడ పేరు పెట్టు" అన్నారు. 'సూరమ్మ చిలక' అని పేరు పెట్టింది.

జూన్ ఆఖరుకి ఇరవై ఏడింటిలో ఇరవై మూడు తిరిగొచ్చాయి. నాలుగు రాలేదు. అందులో రెండు బుల్లిరాజు అనే నేతగాడు తీసుకెళ్ళినవి. అతను మగ్గం అమ్మేసి, హైదరాబాదులో ఏదో అపార్టుమెంటుకి కాపలా ఉంటున్నాడని చెప్పారు. ఇల్లు తాళం వేసి ఉంది. కిటికీలోంచి చూస్తే మగ్గం గుంట మట్టితో పూడ్చేసి కనిపించింది. మిగతా రెండూ మాస్టారికి కూడా సగం సగమే గుర్తున్నాయి. చెప్పబోయి, చెయ్యి గాలిలోనే ఆపి, "పోనీలే" అనేశారు.

సెంటరు నడిపే ట్రస్టు వాళ్ళు మెమో పంపించారు. అందులో మొదటి పేరు ఉదయభాస్కర్ గారిది, రెండోది నాగదుర్గది. ఆయనే అలా రాయించుకున్నారని గుమస్తా చెప్పాడు. కొత్త సర్వరు వచ్చింది. గణేష్‌బాబు పైసా తీసుకోకుండా రెండు రోజులు పనిచేశాడు. కిటికీ పక్క కంప్యూటరు మళ్ళీ ఐదూ ముప్పావుకి తనంతట తాను లేవడం మొదలుపెట్టింది. పొద్దున్నే నాగదుర్గ లాగ్ అచ్చు తీసి, ప్రతి వరస పక్కనా ఎర్ర ఇంకుతో టిక్కు పెట్టి, మేనేజరు బల్ల మీద పెడుతుంది. సోమవారాల్లో ఆ డిస్కులోంచి ఏదో ఒక డిజైను బయటికి తీసి, తెరుచుకుంటుందో లేదో చూసి, గళ్ళు లెక్కపెడుతుంది. సాయంత్రాలు మళ్ళీ పాత రోజుల్లా తానే కూర్చుని నకలు తీస్తానని ఆమె అడిగింది. ఉదయభాస్కర్ గారు ఒప్పుకోలేదు. "నువ్వు ఇంటికెళ్ళడం తప్పు కాదమ్మాయ్. లాగ్ చదవకపోవడం తప్పు. ఆ రెండూ కలపకు" అన్నారు.

శ్రావణంలో ఒకరోజు కొత్త అచ్చు తీసుకోవడానికి చిట్టియ్యకి బదులు సూరమ్మ సెంటరుకి వచ్చింది. ఆవిడ అక్కడికి రావడం అదే మొదలు. నాగదుర్గ తన కుర్చీలో కూర్చోబెట్టి తెర మీద చిలకని చూపించింది. సూరమ్మ చెయ్యి పమిటకి తుడుచుకుని, తెరని తాకకుండా దగ్గరగా పెట్టి, వేలితో గళ్ళు లెక్కపెట్టింది. మాస్టారు పక్కనే ఉన్నారని చూసుకుని గొంతు తగ్గించింది.

"దుర్గమ్మా, ముక్కు ఇంకొక్క గడి ఎత్తితే బాగుంటుందేమో కదా?"

నాగదుర్గ మాస్టారి వైపు చూసింది.

"నన్ను చూస్తావేంటి? ఎత్తు. ఆవిడ చెప్పినట్టు చెయ్యి" అన్నారాయన.